తల తినే బుల్లి ముక్కలు: రష్యన్లూ, ఇంగ్లీషు ఫ్రేజల్ వెర్బులూ

రష్యన్ మాతృభాషగా ఉన్న ఇంజనీర్లతో పని చేసినవాళ్ళు ఒక సంగతి గమనించే ఉంటారు. డిజైన్ డాక్యుమెంటులో వాళ్ళ ఇంగ్లీషు మనకంటే శుభ్రంగా ఉంటుంది. అదే కాల్‌లో అమెరికా మేనేజరు రెండు నిమిషాలు గడగడా మాట్లాడాడంటే అటునుంచి నిశ్శబ్దం. "వాళ్ళకి ఇంగ్లీషు రాదు బాసూ" అని మనవాళ్ళు తేల్చేస్తారు. నేనొప్పుకోను. వాళ్ళని ఇబ్బంది పెట్టేది ఇంగ్లీషు కాదు. అవుట్, ఆఫ్, అప్, డౌన్ అనే బుల్లి ముక్కలు. అందులో సగం తప్పు వాటిని నేర్పే పద్ధతిది, మిగతా సగం మెయిళ్ళు రాసేవాళ్ళది.

రష్యన్ మాట్లాడేవాళ్ళంటే ఒక్క రష్యావాళ్ళే కాదు లెండి. ఉక్రెయిన్, బెలారుస్, కజకస్తాన్‌లలోనూ ఉన్నారు. 2022 తర్వాత రష్యా వదిలి సెర్బియా, అర్మేనియా, జార్జియాల్లో కూర్చుని పని చేసుకుంటున్నవాళ్ళూ బోలెడుమంది.

అసలు గొడవేంటంటే, 'పుట్' అంటే పెట్టడం అని స్కూల్లో చెప్తారు. తర్వాత 'పుట్ ఆఫ్' అంటే వాయిదా వెయ్యడం, 'పుట్ అవుట్' అంటే మంట ఆర్పడం, 'పుట్ అప్ విత్' అంటే భరించడం అంటారు. ఎందుకు అనడక్కూడదు, లిస్టు బట్టీ కొట్టాలి. పరీక్షయ్యాక లిస్టు గాల్లో కలిసిపోతుంది.

తమాషా ఏంటంటే రష్యన్ వాడికి ఈ బట్టీ అక్కర్లేదు. వాడి భాష నిండా ఇదే యంత్రాంగం. 'పిసాత్' అంటే రాయడం. దాని ముందు చిన్న ముక్క తగిలిస్తే చాలు. 'జపిసాత్' అంటే నోట్ చేసుకోవడం, 'పెరెపిసాత్' తిరగరాయడం, 'పొద్పిసాత్' సంతకం పెట్టడం. 'స్పిసాత్' అంటే బాకీ రద్దు చేయడం, పరీక్షలో పక్కవాడి పేపరు చూసి కాపీ కొట్టడం కూడా! 'వీపిసాత్' అంటే ఆస్పత్రి నుంచి పేషెంటుని డిశ్చార్జ్ చేయడం. రాయడానికీ డిశ్చార్జికీ ఏం సంబంధం అని ఏ రష్యన్ పిల్లాడూ అడగడు. అలాంటివాడు ఇంగ్లీషులో 'రైట్ డౌన్', 'రైట్ ఆఫ్' చూసి బెదరడమెందుకు?

ఇంకో ఉదాహరణ చూడండి. వాయిదా వెయ్యడాన్ని రష్యన్‌లో 'ఒత్లొజీత్' అంటారు. 'ఒత్' అంటే దూరంగా, 'లొజీత్' అంటే పెట్టడం. అచ్చంగా పుట్ ఆఫ్! పోస్ట్‌పోన్ అనే లాటిన్ మాటలోనూ 'పోన్' అంటే పెట్టడమే. మనవాళ్ళు పోస్ట్‌పోన్‌ని చూసి ప్రీపోన్ అని పుట్టించుకోలేదూ, అదే లెక్క. మూడు భాషలూ చేసింది ఒకటే పని. ఆ పోలిక చూపిస్తే అయిపోయేదానికి లిస్టులు ఇస్తున్నారు.

తేడా ఎక్కడుందంటే, ముక్క ఉండే చోటులో. రష్యన్‌లో అది క్రియకి ముందు అతుక్కుని వస్తుంది. వినేవాడికి మొదట్లోనే దారి తెలిసిపోతుంది. ఇంగ్లీషులో వెనకాల వస్తుంది, ఒక్కోసారి నాలుగు మాటలు దాటి వాక్యం చివర్లో వస్తుంది. అప్పటికి రష్యన్ చెవి అర్థం ఖాయం చేసేసుకుని ముందుకెళ్ళిపోతుంది. మనకి ఇది అలవాటే. రాసుకో, రాసిపెట్టు, రాసెయ్, రాసిచ్చెయ్ - అన్నీ వెనకే. "రాసిచ్చేశాడు" అంటే ఆస్తి పోయిందని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. 'ఈట్ అప్' అంటే ఏంటని ఎవరైనా అడిగితే, "తిను" కాదు, "తినెయ్" అని ఒక్క ముక్కలో చెప్పొచ్చు. రష్యన్ వాడికైతే 'యెస్త్' కాదు, 'స్యెస్త్'.

ముక్క తేడా వస్తే ఏమవుతుందో ప్రపంచమంతా ఒకసారి చూసింది. 2009 మార్చి 6న జెనీవాలో హిల్లరీ క్లింటన్ రష్యా విదేశాంగ మంత్రి లావ్రోవ్‌కి ఎర్ర బటన్ ఒకటి బహుమతిగా ఇచ్చింది. సంబంధాలు 'రీసెట్' చేద్దామని. దానిమీద రష్యన్‌లో 'పెరెగ్రూజ్కా' అని ఉంది. ఉండాల్సింది 'పెరెజగ్రూజ్కా'. మధ్యలో ఒక్క 'జ' ఎగిరిపోయింది. రీబూట్ కావాల్సింది ఓవర్‌లోడ్ అయింది! తప్పని లావ్రోవ్ అక్కడికక్కడే చెప్పేశాడు, అందరూ నవ్వుకున్నారు. వాళ్ళకి పక్కనే సరిదిద్దేవాడు ఉన్నాడు. మన ప్రాజెక్టుల్లో ఎవరుంటారు?

నేను చూసిన ఒక ప్రాజెక్టులో అమెరికా లీడ్ మూడు టికెట్లు చూపించి, శుక్రవారంలోగా వీటిని 'నాక్ అవుట్' చేద్దాం అని మెయిల్ పెట్టాడు. పూర్తి చేసేద్దామని ఆయన ఉద్దేశం. బాక్సింగ్ నాకౌట్ రష్యన్‌లోనూ ఉంది. కాబట్టి ఆ మూడూ రిలీజ్ నుంచి అవుట్ అనుకున్నాడు అటువైపు డెవలపరు. హాయిగా వేరే పని చేసుకున్నాడు. శుక్రవారం సాయంత్రం గానీ సంగతి బయటపడలేదు. కాల్‌లో జరిగిన రభస చెప్పక్కర్లేదు. అక్షింతలన్నీ డెవలపరుకే. "అర్థం కాకపోతే అడగాలి కదా" అన్నారు. ఎలా అడుగుతాడండీ? తనకి అర్థమైందనే అనుకున్నాడు. అన్ని మాటలూ తెలిసినవే మరి.

అందుకే ఇడియమ్స్ కంటే ఫ్రేజల్ వెర్బులే ప్రమాదం అంటాను. ఇడియమ్ తన గుట్టు తానే బయటపెట్టుకుంటుంది. కోడ్ రివ్యూలో 'పీస్ ఆఫ్ కేక్' అంటే ఎవరూ కేకు కోసం ఎదురుచూడరు. ఏదో తేడాగా ఉందని అడుగుతారు. పైగా ఇడియమ్స్ రష్యన్‌కి కొత్తా? అబద్ధాలతో బురిడీ కొట్టించడాన్ని చెవులకి నూడుల్స్ తగిలించడం అంటారు. ఎప్పటికీ జరగని పని కొండమీద క్రేఫిష్ ఈల వేసినప్పుడు జరుగుతుంది. మన నల్లేరు మీద నడక వాళ్ళకి ఉడికించిన టర్నిప్ కంటే తేలిక. ఇన్ని ఉన్నవాడికి కేకు ముక్క ఒక లెక్కా? తెలియని మాట వస్తే ఆగి అడుగుతాం. తెలుసనుకున్న మాటే కొంప ముంచుతుంది.

"సింపుల్ ఇంగ్లీషులో రాయండి" అనే సలహా కూడా ఇక్కడ తిరగబడుతుంది. అమెరికావాడికి 'కాల్ ఆఫ్' సింపుల్, 'క్యాన్సిల్' కాస్త ఆఫీసు మాట. రష్యన్ వాడికి రెండోదే సుఖం: డిక్షనరీ తీస్తే ఒక్కచోట దొరుకుతుంది. విమానాలవాళ్ళు ఈ విషయం ఎప్పుడో గ్రహించారు. మెయింటెనెన్స్ మాన్యువల్స్ చదివే మెకానిక్కుల్లో చాలామందికి ఇంగ్లీషు మాతృభాష కాదు. వాళ్ళకోసం యూరప్ విమాన పరిశ్రమ 1986లో సింప్లిఫైడ్ ఇంగ్లీషు గైడ్ తెచ్చింది. ఒక మాటకి ఒకే అర్థం అన్నది దాని మూలసూత్రం. వేరియబుల్ పేర్ల మీద గంటలకొద్దీ వాదించుకునే మనం డిప్లాయ్‌మెంట్ మెయిల్ దగ్గర ఆమాత్రం జాగ్రత్త పడలేమా?

రష్యన్ వాళ్ళు నేర్చుకోనక్కర్లేదని కాదు. కాల్స్‌లో అమెరికావాడు మారడు. కానీ నేర్చుకునే దారి వాళ్ళ నోట్లోనే ఉంది. లాగిన్ అవ్వడాన్ని 'జలొగినిత్స్యా', లాగౌట్‌ని 'రజ్‌లొగినిత్స్యా' చేసేసుకున్నారు. రోల్ బ్యాక్ అయితే అచ్చ రష్యన్‌లో 'ఒత్కతీత్', వెనక్కి దొర్లించడం. ఇంగ్లీషు ముక్క తీసేసి సొంత ముక్క తగిలించుకోగలిగినవాళ్ళకి, ఆ దారినే వెనక్కి నడవడం కష్టం కాదు.

ఈలోగా మనం చెయ్యగలిగింది చిన్నదే. ప్రొడక్షన్‌కి సంబంధించిన మెయిల్లో ఆఫ్, అవుట్, అప్ కనిపిస్తే ఆగి, దానికి ఒంటి మాట ఉందేమో చూడండి. నాక్ అవుట్ బదులు ఫినిష్, హోల్డ్ ఆఫ్ బదులు వెయిట్. చదివేవాడు రష్యనైనా మన గుంటూరువాడైనా రెండో అర్థం వెతుక్కునే పని ఉండదు. అక్షరాలు తగ్గించుకుని మీరు మిగుల్చుకునే రెండు సెకన్లకి, అవతలివాడి శుక్రవారం రాత్రిని పణంగా పెట్టకండి.