అన్నీ సెమినార్లేనా?

మన విద్యాలయంలో ఏడాది పొడవునా ఏదో ఒక కార్యక్రమం ఉంటూనే ఉంటుంది. నోటీసు బోర్డు మీద ఒక వారం సెమినార్ అని, మరొక వారం వర్క్‌షాప్ అని, ఇంకొకసారి సింపోజియం అని కనబడుతుంది. పేర్లు మారతాయి గాని మేము చేసే పని మారదు. వరుసగా వెళ్లి కూర్చుంటాం, జ్యోతి ప్రజ్వలన చూస్తాం, అతిథికి మొక్క ఇచ్చి స్వాగతం పలుకుతాం, ప్రసంగం వింటాం, చప్పట్లు కొడతాం, వందన సమర్పణ అయ్యాక వరుసగా తరగతికి వస్తాం. బయట జరిగే సభలు కూడా చాలావరకు ఇలాగే ఉన్నాయి. చేసే పని ఒకటే అయినప్పుడు ఇన్ని పేర్లు ఎందుకని మాకు అనుమానం వచ్చింది. వెతికి చూస్తే ఒక్కొక్క పేరు వెనుక ఒక్కొక్క పద్ధతి ఉంది.

సెమినార్ అనే మాటకు మూలం లాటిన్‌లోని ‘సెమినారియం’. దాని అర్థం నారుమడి. తెలుగువారికి ఇంతకంటే వివరించనక్కరలేదు. నారుమడి చిన్నది, మొలక అక్కడే రావాలి. 19వ శతాబ్దంలో జర్మనీ విశ్వవిద్యాలయాలలో సెమినార్ అంటే ఆచార్యుని చుట్టూ కొద్దిమంది విద్యార్థులు చేరడం, వారిలో ఒకరు తాను రాసి తెచ్చిన పత్రాన్ని చదవడం, మిగిలినవారు దాన్ని జల్లెడ పట్టడం. అంటే అక్కడ మాట్లాడవలసినది విద్యార్థే! మూడు వందల మందిని కూర్చోబెట్టి ఒక్కరే మాట్లాడితే దానికి ఉపన్యాసం అనే చక్కని పేరు ఉండనే ఉంది. ఉపన్యాసం తక్కువదని మేము అనడం లేదు. మంచి ఉపన్యాసం విన్న రోజు ఇంటికి వెళ్లాక కూడా అదే ధ్యాస. దాన్ని దాని పేరుతోనే పిలవవచ్చు కదా అంటున్నాం.

సింపోజియం సంగతి ఇంకా తమాషాగా ఉంది. గ్రీకు భాషలో ఆ మాటకు కలిసి తాగడం అని అర్థం. విందు ముగిశాక పానపాత్రలతో కూర్చుని మాటలూ పాటలూ సాగించేవారు. ఇప్పుడు పాత్రలు పోయి మంచినీళ్ల సీసాలు మిగిలాయి. ఒకే విషయం మీద నలుగురైదుగురు తెలిసినవారు తలొక కోణం నుంచి మాట్లాడడం నేటి పద్ధతి.

కాన్ఫరెన్స్, కాంగ్రెస్ అనేవి పెద్ద సభలు. 1914లో కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీలో అశుతోష్ ముఖర్జీ అధ్యక్షతన మొదటి ఇండియన్ సైన్స్ కాంగ్రెస్ జరిగినప్పుడు వచ్చినవారు 105 మంది, చదివిన పత్రాలు 35. 2017లో తిరుపతిలో 104వ సభ జరిగే నాటికి ఆ సంఖ్య వేలలోకి వెళ్లింది. అంత పెద్ద సభలో ఒకేసారి అనేక గదులలో పత్రాలు చదువుతారు. ఎవరూ అన్నీ వినలేరు. అయితే సమావేశం గొప్పదనం జనసంఖ్యలో లేదు. 1927లో బ్రస్సెల్స్‌లో జరిగిన సాల్వే సమావేశంలో ఉన్నది 29 మంది. వారిలో 17 మంది అప్పటికే నోబెల్ బహుమతి పొందినవారో, ఆ తరువాత పొందినవారో. ఉదయం ఫలహారం దగ్గర ఐన్‌స్టీన్ ఒక చిక్కు ప్రశ్న వేయడం, రాత్రి భోజనాల వేళకు నీల్స్ బోర్ జవాబుతో రావడం ఆ రోజుల్లో జరిగిన ముచ్చట. భౌతికశాస్త్రం చదివేవారు ఇప్పటికీ ఆ వాదనలను తలచుకుంటారు.

ఇక వర్క్‌షాప్. చేతికి మట్టో, రంగో, నూనో అంటుకోకపోతే అది వర్క్‌షాప్ కాదని మా అభిప్రాయం. బయటికి వచ్చేటప్పటికి మనకు కొత్తగా ఒక పని చేతనవ్వాలి. ఆ మధ్య ఒకచోట రోబోటిక్స్ వర్క్‌షాప్ అంటే ఉత్సాహంగా వెళ్లాం. రెండు గంటలు స్లైడ్లు చూపించారు. రోబో బల్ల మీదే ఉంది, మేము కుర్చీల్లోనే ఉన్నాం. పాల్గొన్నట్టు సర్టిఫికెట్ మాత్రం అందరికీ ఇచ్చారు.

ఇవన్నీ చూశాక మాకు తోచింది ఇది. ఒక సభకూ మరో సభకూ అసలు తేడా హాలులోనూ బ్యానరులోనూ లేదు. ప్రశ్న ఎవరు అడగవచ్చు, ఎప్పుడు అడగవచ్చు అనే దానిలో ఉంది. ఈ సంగతి మన తెలుగువారికి కొత్త కాదు. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు ఉంటారు. పృచ్ఛకుడు అంటేనే అడిగేవాడు. వారు లేకుంటే అవధానమే లేదు. వారిలో అప్రస్తుత ప్రసంగం చేసేవారి పని నడిమధ్యలో అడ్డు తగలడమే, అయినా ఆయనకూ వేదిక మీద గౌరవ స్థానమే. అదే ఇంట్లోనో బడిలోనో మేము ఒక ప్రశ్న ఎక్కువ అడిగితే ‘అధికప్రసంగి’ అనే బిరుదు వస్తుంది!

మైకు ఇచ్చినా మీరెవరూ లేవరు కదా అని ఉపాధ్యాయులు అంటారు. అది నిజమే. మూడు వందల మంది వెనక్కి తిరిగి చూస్తుండగా లేచి నిలబడడం అందరికీ సాధ్యం కాదు. పైగా “ప్రశ్నలేమైనా ఉన్నాయా?” అనేది సాధారణంగా బస్సులు కదిలే వేళకు వచ్చే మాట. ఇరవై ఐదు మందిని గుండ్రంగా కూర్చోబెట్టి చూస్తే తరగతిలో నోరు విప్పని వారు కూడా మాట్లాడతారు. బృంద చర్చల్లో మేము ఇది చూశాం. రేపు కళాశాలకు వెళ్లాక పత్రం చదవాలి, దాని మీద వచ్చే ప్రశ్నలకు నిలబడి జవాబు చెప్పాలి. ఆ అలవాటు ఇక్కడ కాకపోతే ఎక్కడ అవుతుంది?

అందుకే మా విన్నపం ఇది. ఇకపై నోటీసులో కార్యక్రమం పేరుతో పాటు ఎంతమందికి చోటు ఉంది, విద్యార్థులు ఏమి చేయాలి, ప్రశ్నలకు ఎన్ని నిమిషాలు అనేవి కూడా రాయండి. ఉపన్యాసమైతే ఉపన్యాసమనే రాయండి, తప్పక వస్తాం. ప్రశ్నల సమయాన్ని వందన సమర్పణ పక్కన ఇరికించకుండా మధ్యలో పెట్టండి. ముందుగా తొమ్మిదో తరగతి వారికి అవకాశం ఇస్తే ఇంకా మంచిది. మా పన్నెండో తరగతి వాళ్లం మైకు అందుకుంటే ఒక పట్టాన వదలం.