వినేవాళ్లకు కొన్ని పుస్తకాలు, చదివేవాళ్లకు కొన్ని పాటలు

వేసవి సంచిక అంటే ప్రయాణాల సంచిక. ఎల్లోస్టోన్ చూసొచ్చినవాళ్లు, అలాస్కా ఓడెక్కినవాళ్లు, పిల్లల్ని వెంటేసుకుని ఇండియా వెళ్లొచ్చినవాళ్లు రాసినవి లోపలి పేజీల్లో దండిగా ఉన్నాయి, ఫొటోలతో సహా. ఈ పేజీ ఒక్కటీ సంపాదకుడి ఇష్టానికి వదిలేశారు గనక, ఈసారి నా పిచ్చికి వాడుకుంటున్నాను. ఈ నాలుగైదేళ్లలో విడుదలైన ఆల్బమ్‌లలో నన్ను పట్టుకుని వదలనివి కొన్ని, సంగీతమే కథగా నడిచే నవలలు కొన్ని చెబుతాను. కార్లో దూరాలు పోయేవాళ్లకు మొదటివి, పోయిన చోట కాళ్లు చాపుకుని కూర్చునేవాళ్లకు రెండోవి.

ముందుగా ఒక షరతు. ఆల్బమ్‌ను మొదటి పాట నుంచి చివరి పాట దాకా వరస మార్చకుండా వినాలి. సినిమా పాటల మీద పెరిగిన ప్రాణాలకు ఇది కాస్త కష్టమే. పాట అంటే మనకు అయిదు నిమిషాల వ్యవహారం. ఫోన్లు వచ్చాక ఆ అయిదు నిమిషాల ఓపిక కూడా పోయింది, పల్లవి అయ్యేలోపే వేలు తెర మీదికి పోతుంది. నవల మధ్యలో తెరిచి ఒక పేజీ చదివి మూసేసేవాడిని మనం పాఠకుడనం కదా. శ్రోత విషయంలో మాత్రం ఎందుకో అంత ఉదారంగా ఉంటాం.

మొదట మన ఊరి మనిషి. మిషిగన్‌లో ఏళ్ల తరబడి ఉంటున్నా ఆలిస్ కోల్ట్రేన్ పేరు వినని తెలుగువాళ్లు మనలో చాలామందే ఉన్నారు. ఆవిడ 1937లో డెట్రాయిట్‌లో పుట్టారు. చర్చిలో ఆర్గన్ వాయిస్తూ పెరిగి, జాజ్ పియానోలో పేరు తెచ్చుకుని, సాక్సఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్‌ను పెళ్లాడారు. 1967లో ఆయన పోయేనాటికి పిల్లలు పసివాళ్లు. ఆ దుఃఖంలో ఆవిడ స్వామి సచ్చిదానందను ఆశ్రయించారు, 1970 చివర్లో ఆయన వెంట భారతదేశం వెళ్లొచ్చారు. తర్వాత కాలిఫోర్నియాలో ఆశ్రమం పెట్టుకుని తురీయసంగీతానంద అయ్యారు. ఆవిడ పుట్టపర్తి సాయిబాబా భక్తురాలు కూడా. ఆ ఆశ్రమానికి సాయి అనంతం అన్న పేరు అలా వచ్చిందే. డెట్రాయిట్ నుంచి పుట్టపర్తికి దారి ఉందని మన సంఘంలో ఎవరికైనా చెబితే ముందు నవ్వుతారు, తర్వాత ఫోన్‌లో వెతుక్కుంటారు.

1980ల మొదట్లో ఆశ్రమంలోని వాళ్ల కోసం ఆవిడ కొన్ని భజనలు పాడి క్యాసెట్‌గా ఇచ్చారు. అందులో గొంతు చుట్టూ సింథసైజర్లు, తంత్రీవాద్యాలు కమ్ముకుని ఉండేవి. 2021లో కొడుకు రవి కోల్ట్రేన్ (రవిశంకర్ మీది గౌరవంతో పెట్టుకున్న పేరు) అవన్నీ తీసేసి, తల్లి గొంతు, ఆవిడే వాయించిన వర్లిట్జర్ ఆర్గన్, ఈ రెండే మిగిల్చి ‘కీర్తన్: తురీయ సింగ్స్’ పేరుతో బయటికి తెచ్చారు. అందులో ‘గోవింద హరి’ వినండి. గొంతు మంద్రంలో ఉంటుంది, తొందర ఉండదు, గమకం కోసం ప్రయాస ఉండదు. సంస్కృతం పలుకు ఒకటి రెండు చోట్ల మన చెవికి వింతగా తగులుతుంది, తగలనివ్వండి. అసలు పని కింద ఆర్గన్ చేస్తోంది. మన భజనల్లో హార్మోనియం పాట వెంటే నడుస్తుంది, గాయకుడు ఏ స్వరం అంటే అదే అంటుంది. ఇక్కడ ఆర్గన్ అలా వెంట రాదు. నల్లవాళ్ల చర్చిలో ఆదివారం పొద్దున వినబడే స్వరాల గుంపులను పాట అడుగున మారుస్తూ పోతుంది. పైన నామం మారదు. కింద స్వరాలు మారగానే అదే నామం ఒకసారి వేడుకోలుగానూ, మరోసారి సంబరంగానూ వినిపిస్తుంది. రెండు సంప్రదాయాలను ‘కలిపే’ ప్రయత్నాలు చాలా విన్నాను, చాలావాటిలో అతుకు కనబడుతూనే ఉంటుంది. ఇందులో నాకు కనబడలేదు. ఆ ఆశ్రమం 2018 నవంబరులో వూల్సీ కార్చిచ్చులో కాలిపోయింది, చూసొద్దామన్నా ఇప్పుడు లేదు.

ఆవిడ బాటలో వచ్చిన ఈ తరం గాయని గానవ్య. న్యూయార్క్‌లో పుట్టి తమిళనాడులో పెరిగిన అమ్మాయి. 2024లో వచ్చిన ‘డాటర్ ఆఫ్ ఎ టెంపుల్’ కోసం హ్యూస్టన్‌లో ముప్పై మందికి పైగా కళాకారులను పోగుచేసి ఒక క్రతువులా జరిపింది. కోల్ట్రేన్ దంపతుల సంగీతం అందులో మళ్లీ పలుకుతుంది. పొద్దున్నే వినాల్సిన రికార్డు. ట్రాఫిక్‌లో వింటే చిరాకొస్తుంది, ముందే చెబుతున్నాను.

ఇక నవలలు. జెనిఫర్ ఈగన్ రాసిన ‘ఎ విజిట్ ఫ్రమ్ ది గూన్ స్క్వాడ్’ 2010లో వచ్చింది, మరుసటేడు పులిట్జర్ అందుకుంది. రికార్డు కంపెనీల మనుషులు, వాళ్ల పతనాలు, వాళ్ల పిల్లలు. అందులో ఒక అధ్యాయం మొత్తం పవర్‌పాయింట్ స్లైడ్లే. పన్నెండేళ్ల అమ్మాయి తన కుటుంబం గురించి స్లైడ్లలో చెబుతుంది. వాళ్ల అన్నకు రాక్ పాటల్లో ఒక్క క్షణం సంగీతం ఆగిపోయే చోట్ల మీదే ధ్యాస. ఏ పాటలో ఎన్ని సెకన్ల విరామం, ఆ విరామంలో ఏం జరుగుతోంది, ఇదే వాడి లోకం. రోజంతా ఆఫీసులో స్లైడ్లు చేసి విసిగిపోయే మన పాఠకులకు ఆ అధ్యాయం ప్రత్యేకంగా సిఫారసు చేస్తున్నాను. బాణం గుర్తులూ డబ్బాలతో కంట తడి పెట్టించవచ్చని నాకు ఆ పుస్తకం చదివాకే తెలిసింది. చదివిన చేత్తోనే 2023 నాటి ‘లవ్ ఇన్ ఎగ్జైల్’ పెట్టుకోండి. ఆరూజ్ ఆఫ్తాబ్ గొంతు, విజయ్ అయ్యర్ పియానో, షహజాద్ ఇస్మాయిలీ బేస్. పది నిమిషాలు దాటిన పాటలున్నాయి. ఉర్దూ మాట ఒకటి పలికి, అది పూర్తిగా చల్లారేదాకా ముగ్గురూ ఆగుతారు. ఉర్దూ రాదన్న బెంగ హైదరాబాదు వాళ్లకు ఎలాగూ ఉండదు, మిగతావాళ్లూ పెట్టుకోనక్కర్లేదు.

వీటన్నిటిలో ఒక్క నవలే చదివే తీరిక ఉందంటే విక్రమ్ సేథ్ ‘యాన్ ఈక్వల్ మ్యూజిక్’ చదవండి. 1999 నాటిది, కొత్తదేమీ కాదు. లండన్‌లో నలుగురు కలిసి వాయించే ఒక తంత్రీ బృందం. అందులో రెండో వయొలిన్ మైకేల్ది. ఇంగ్లండు ఉత్తరాన రాచ్‌డేల్ అనే మిల్లుల ఊరి నుంచి వచ్చినవాడు. చేతిలోని వయొలిన్ కూడా సొంతం కాదు, ఊళ్లో ఒక పెద్దావిడ వాడుకొమ్మని ఇచ్చింది. ఏళ్ల కిందట వియన్నాలో వదులుకున్న జూలియా మళ్లీ కనబడుతుంది. ఆమె పియానో విద్వాంసురాలు. ఆమెకు వినికిడి పోతోంది.

ఈ ప్రేమకథ కోసం చదివినా చదవవచ్చు. నన్ను కట్టిపడేసింది మాత్రం ఆ నలుగురి సాధన. ఒకరి మీద ఒకరికి లక్ష ఫిర్యాదులుంటాయి. అందులోని తోబుట్టువులిద్దరికీ ఒకరి పద్ధతి ఒకరికి గిట్టదు, ఒకడి మాట ఇంకొకడికి పుల్లవిరుపు. అయినా సాధన మొదలుపెట్టే ముందు ప్రతిసారీ నలుగురూ కలిసి, ఏ హంగూ లేకుండా, ఒక మామూలు స్వరాల వరసను నెమ్మదిగా పైకి వాయించి కిందికి దిగుతారు. అది పూర్తయ్యేసరికి తగవులు మరుగున పడతాయి. శనివారం పొద్దున సంగీతం క్లాసులో సరళీ వరసల దగ్గర మొహం ముడుచుకునే పిల్లలున్న తల్లిదండ్రులు ఆ రెండు పేజీలు తప్పకుండా చదవాలి. చదివాక పిల్లలకు ఉపన్యాసం ఇవ్వకుండా ఉంటే ఇంకా మంచిది. బీథోవెన్ తన తొలినాటి త్రయాన్ని తర్వాతెప్పుడో అయిదు తంత్రీవాద్యాలకు తిరగరాశాడని మైకేల్‌కు తెలిసి, దాని రికార్డు కోసం లండన్ దుకాణాలన్నీ గాలిస్తాడు. దొరికిన రికార్డును, బస్సులో కనబడిన జూలియా వెంట పడటంలో పోగొట్టుకుంటాడు, ఆమె కూడా చేజారుతుంది. రికార్డుల పిచ్చి ఉన్నవాడికి ఆ రెండు నష్టాల్లో ఏది పెద్దదో చెప్పడం కష్టం. నవలలోని సంగీతం విడిగా ఆల్బమ్‌గా కూడా వచ్చింది.

‘డెయిజీ జోన్స్ అండ్ ది సిక్స్’ది మరో వింత. టేలర్ జెన్కిన్స్ రీడ్ 2019 నవలలో లేని బృందానికి లేని ఆల్బమ్ ఒకటి కల్పించింది. 2023లో అది ధారావాహిక అయ్యేసరికి ఆ ఆల్బమ్‌నే నిజంగా పాడించి అమ్మారు. ఒక సాయంత్రానికి సరిపోయే కాలక్షేపం. నవలే మేలు.

సిద్ శ్రీరామ్ మన పెళ్లిళ్లలో, పుట్టినరోజుల్లో వినబడని రోజు లేదు. ఆయన తెలుగు పలుకు మీద భోజనాల బల్ల దగ్గర తీర్పులు చెప్పేవాళ్లూ చాలామందే. చెన్నైలో పుట్టి కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లో అమ్మ దగ్గర కర్ణాటక సంగీతం నేర్చుకుని, బర్క్లీలో చదివిన కుర్రవాడు ఇంగ్లీషులో తన పాటలు తాను రాసుకుంటే ఎలా ఉంటుందో 2023 నాటి ‘సిధార్థ్’లో ఉంది. ఇక్కడ పుట్టిపెరిగిన మన పిల్లలు మనకంటే ముందే వినేసి ఉంటారు. వాళ్లతో కలిసి కూర్చుని వినడానికి బాగుంటుంది. అంతా నచ్చిందని చెప్పను, రెండో సగంలో పట్టు సడలింది.

శక్తి బృందం ‘దిస్ మొమెంట్’ (2023) గురించి కాస్త ఆగి చెప్పాలి. జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్, శంకర్ మహదేవన్, గణేశ్ రాజగోపాలన్, సెల్వగణేశ్. 2024 ఫిబ్రవరిలో గ్రామీ అందుకుంది. ఆ డిసెంబరులోనే శాన్ ఫ్రాన్సిస్కోలో జాకిర్ హుస్సేన్ పోయారు. ఇప్పుడు వింటుంటే ఆ తబలా మీద నుంచి చెవి పక్కకు పోదు. కానీ తెలుగు చెవికి ఈ బృందంలో ఇంకో ఖాళీ కూడా వినబడుతుంది. ఇదే బృందం ‘రిమెంబర్ శక్తి’గా తిరిగినప్పుడు మెక్‌లాఫ్లిన్ గిటారుకు ఎదురుగా కూర్చున్నది మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్. క్లారినెట్ వాయించే తండ్రి ఇంట్లో ఉన్న మాండలిన్ పసితనంలోనే అందుకుని, కర్ణాటక సంగీతానికి పనికిరాదన్న వాద్యానికి తీగలు మార్చి, కరెంటు పెట్టి లొంగదీసుకున్న పిల్లవాడు. 1983లో, ఇంకా మీసాలు రాని వయసులో, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. 2014 సెప్టెంబరులో, నలభై అయిదేళ్లకే, చెన్నైలో పోయాడు.

న్యూ ఆర్లియన్స్ కార్నెట్ వాద్యగాడు బడ్డీ బోల్డెన్ వాయించగా రికార్డయినది ఒక్కటీ మిగల్లేదు. 1907లో మతి చలించి, 1931లో ఆసుపత్రిలోనే పోయాడు. వినడానికి ఏమీ లేని ఆ మనిషి మీద శ్రీలంకలో పుట్టి కెనడాలో స్థిరపడ్డ మైకేల్ ఒండాట్జీ 1976లో ‘కమింగ్ త్రూ స్లాటర్’ రాశాడు. శ్రీనివాస్ రికార్డులు మనకు గుట్టలుగా ఉన్నాయి. నవల లేదు.

నా ఫిర్యాదల్లా ఇదే. తమిళంలో 1950ల్లోనే తి. జానకిరామన్ ‘మోహముళ్’ రాశాడు. కుంభకోణంలో బాబు అనే కుర్రవాడు, రంగన్న అనే గురువు, మధ్యలో జమున మీది మోహం. వాళ్ల నోట నలిగే కృతులు మన తెలుగు త్యాగరాజువే. కన్నడంలో భైరప్ప ‘మంద్ర’ ఉంది. గానంలో ఆకాశమంత, నడవడిలో నేలబారుగా ఉన్న గాయకుణ్ని ఏ మాత్రం వెనకేసుకురాకుండా చూపించి 2010 సరస్వతీ సమ్మాన్ అందుకున్నాడు. వీటి పక్కన పెట్టదగ్గ తెలుగు నవల నా అల్మరాలో లేదు. సంగీతం మీద గొప్ప వచనం మనకు లేక కాదు. ఆదిలాబాదులో కూర్చుని సామల సదాశివ హిందుస్తానీ ఉస్తాదుల గురించి రాసిన ‘మలయమారుతాలు’, 2011 సాహిత్య అకాడమీ అవార్డు పొందిన ‘స్వరలయలు’ చదివితే ఆ మనుషులు మన వరండాలో కూర్చున్నట్టే ఉంటుంది. కానీ అవి వ్యాసాలు. నవల చేయాల్సిన పని మనకు సినిమా చేసిపెట్టింది. శిష్యుడి ప్రతిభను ఓర్వలేని గురువు కథ ఏ భాషలోనైనా పెద్ద నవలకు సరిపడే సరుకు. మనకు అది 1992లో ‘స్వాతికిరణం’ అయింది. విశ్వనాథ్ గారు అంత బాగా తీయకపోయి ఉంటే ఎవరైనా రాసి ఉండేవారేమోనని నాకో అనుమానం.

సరుకుకు కొదవ లేదు. మధుకరం ఎత్తుకుంటూ విజయనగరంలో పాట నేర్చుకున్న ఘంటసాల ఉన్నారు. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి, తంజావూరు బాణీ నాదస్వరం నేర్చి, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి అయిన షేక్ చినమౌలానా ఉన్నారు. అంతదూరం ఎందుకు, ఇక్కడికి మూడు గంటల దూరంలో క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఆరాధన 1978 నుంచి జరుగుతోంది. పోటీల రోజున అక్కడి నడవాలో నిలబడి చూడండి. పట్టు పావడా మీద చలికోటు వేసుకున్న పిల్ల ఫోన్‌లో శ్రుతి పెట్టుకుని గోడకేసి పాడుకుంటూ ఉంటుంది. పక్కన తల్లి నోరు మెదపకుండా తొడ మీద తాళం వేస్తూ ఉంటుంది. పిల్ల ఒక అక్షరం ముందే అందుకుంటే తల్లి చెయ్యి ఆగిపోతుంది. తండ్రి పార్కింగు డబ్బులు కట్టడానికి వెళ్లి ఇంకా రాడు. ముగ్గురి మనసుల్లోనూ ఏముందో రాయడానికి మూడు వందల పేజీలు చాలవు.

అందుకని దీపావళి సంచికలో కొన్ని పేజీలు ఖాళీగా ఉంచుతున్నాం. సంగీతం చుట్టూ తిరిగే కథైనా, నవలలో ఒక భాగమైనా పంపండి. గురువు కోపిష్టి, శిష్యుడు అనాథ, చివర్లో వేదిక మీద ప్రాణం పోవడం, ఇవి లేకుండా ఉంటే ముందు చదువుతాం. రాతప్రతి చిత్తుగా ఉన్నా ఫరవాలేదు. రాగాల పేర్లూ తాళాల లెక్కలూ సరిచూసి పెట్టడానికి మన సంగీతం మాస్టార్లు ఇద్దరు ఒప్పుకున్నారు.