మన ఇంటి కప్పు సాఫ్ట్‌వేర్‌లో ఎందుకు కుదరదు?

కాస్త పొడుగు పోస్టు. ఆర్కిటెక్చర్, సివిల్ చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మాత్రం చివరిదాకా చదవండి. మిగతావాళ్ళు లెక్కలు వచ్చిన చోట దాటేసినా పర్లేదు.

నాది పాడేరు ఏజెన్సీ, ఆర్కిటెక్చర్ నాలుగో సంవత్సరం. పోయిన సెలవుల్లో మా మామ్మ ఇల్లు రివిట్‌లో గీద్దామని కూర్చున్నాను. గోడలు, గుమ్మం, పొయ్యి ఉన్న మూల, అన్నీ గంటలోపే అయిపోయాయి. కప్పుకి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజుల తర్వాత నాకు గట్టిగా అనిపించింది ఒకటే. కప్పు గీయడం మనం కాలేజీలో ఇచ్చే విల్లాల మీద కాదు, మన ఇళ్ళ మీద నేర్చుకోవాలి. ఎందుకంటే మనకి మంజూరయ్యే ఇళ్ళ ప్లానులు కాగితం మీద ఉన్నదాన్ని బట్టి వస్తాయి. మన కప్పు ఏ కాగితం మీదా లేదు.

ఆ ఇల్లు లోపల 6 మీటర్ల పొడవు, 4 మీటర్ల లోతు. నాలుగు వైపులా వాలు, గడ్డి కప్పు. ముందు మీటరున్నర వసారా. చూస్తే చాలా సింపుల్. 'రూఫ్ బై ఫుట్‌ప్రింట్' నొక్కి, నాలుగు గీతలు గీసి, నాలుగింటికీ 45 డిగ్రీల వాలు ఇస్తే చక్కగా వచ్చేసింది. నడికప్పు 2 మీటర్ల పొడవు, గోడ మీద నుంచి 2 మీటర్ల ఎత్తు. పొడవులోంచి లోతు తీసేస్తే నడికప్పు పొడవు వస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

వసారా దగ్గర మొదలైంది గొడవ. ముందు గీతని మీటరున్నర బయటికి జరిపాను. సాఫ్ట్‌వేర్ ఏం చేసిందంటే, నాలుగు చూరులూ ఒకే ఎత్తులో ఉంచేసి, నడికప్పుని 75 సెంటీమీటర్లు ముందుకి నెట్టి, 75 సెంటీమీటర్లు పైకి లేపేసింది. నడికప్పు పొడవు 2 మీటర్ల నుంచి అర మీటరుకి తగ్గిపోయింది. తెర మీద అందంగానే ఉంది. సార్‌కి చూపిస్తే మార్కులు కూడా వేసేవారేమో. కానీ మా మామ్మ ఇంట్లో నిట్రాడు గది మధ్యలో ఉంటుంది, వసారాని కలుపుకుని మధ్యలో కాదు. చిన్నప్పుడు ఆ నిట్రాడు చుట్టూ తిరిగి ఆడుకున్నాను కాబట్టి తెలిసింది. లేకపోతే తప్పని నాకే తెలిసేది కాదు.

సరే, అదే వాలుని కిందికి పొడిగిద్దాం అనుకున్నా. గోడ ఎత్తు 2.4 మీటర్లు. 45 డిగ్రీల్లో మీటరున్నర ముందుకి వెళ్తే మీటరున్నర కిందికి దిగుతుంది. చూరు నేలకి 90 సెంటీమీటర్లలో ఆగింది. దాని కింద నుంచి మేకలు వెళ్ళాలి, మనుషులు కాదు. అప్పుడు మా మావకి ఫోన్ చేశాను. ఊళ్ళో సగం ఇళ్ళ కప్పులు ఆయన కట్టినవే. "ఏటిరా, వసారాకి వాలు విరుస్తాం కదా, చూడలేదేటి నువ్వు?" అన్నారు. ఇరవై ఏళ్ళు ఆ వసారాలో పడుకున్నాను, చూడలేదు.

చెల్లిని టేపుతో కొలవమన్నాను. వసారా చూరు ఎత్తు 1.55 మీటర్లు. అంటే మీటరున్నరకి 85 సెంటీమీటర్ల దిగుడు, దాదాపు 30 డిగ్రీలు. అందుకే మన ఇళ్ళలోకి తల వంచి వెళ్తాం. వసారా గడ్డి ముందే కుళ్ళేది కూడా అందుకే, వాలు తక్కువైతే నీళ్ళు నెమ్మదిగా జారతాయి. చివరికి రెండు వేర్వేరు కప్పులుగా గీసి, 'జాయిన్ రూఫ్' తో కలిపితే కుదిరింది. అది తెలుసుకోవడానికి ట్యుటోరియల్ వీడియోలు ఎన్ని చూశానో చెప్పను, సిగ్గు.

మూలవాసం సంగతి కూడా చెప్పాలి. మామూలు వాసం 2.83 మీటర్లు వస్తే మూలది 3.46 మీటర్లు వస్తుంది, దాని వాలు 45 కాదు, 35 డిగ్రీలు. నేను ట్రిగనామెట్రీ వేసి చెప్పింది మావ తాడు పట్టి కొలిచి ఎప్పుడో నరికేశారు. కప్పు విస్తీర్ణం నేల మీద 24 చదరపు మీటర్లే, వాలు మీద దాదాపు 34. వసారా కాక. ఈ తేడా తెలియకుండా రేకులకో పెంకులకో ఎస్టిమేట్ వేస్తే పది చదరపు మీటర్ల సరుకు తగ్గిపోతుంది, ఆ డబ్బు ఇంటివాళ్ళ మీద పడుతుంది.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. గ్రామీణ ఆవాస్ యోజనలో వంటచోటుతో కలిపి కనీసం 25 చదరపు మీటర్ల ఇల్లు. 2023 నవంబర్‌లో మొదలైన పీఎం జన్‌మన్‌లో చెంచులు, కొండరెడ్లు లాంటి తెగలకి ఇంటికి 2 లక్షలు. మార్గదర్శకాలు స్థానిక సామగ్రి, స్థానిక డిజైన్లు అనే అంటాయి. కానీ మా ఊళ్ళో వచ్చిన ప్లాను చదునైన స్లాబు, వసారా లేదు, అటక లేదు. వాలు కప్పు వేసుకోవచ్చా అని ఒక ఇంజినీరు గారిని అడిగితే "డ్రాయింగ్ ఉందా?" అన్నారు. ఆయన తప్పేం లేదు. నా దగ్గర లేదు.

కొంతమంది అన్నలు అంటారు, మన పాత ఇళ్ళే బాగున్నాయి, స్లాబులు వద్దు అని. నేను ఒప్పుకోను. ప్రతి రెండు మూడేళ్ళకి గడ్డి మార్చే చాకిరీ ఎవరిది? మా మామ్మ స్లాబు ఇల్లే కావాలంటుంది. నిప్పు భయం లేదు, పాము రాలదు. ఆమెని గుడిసెలో ఉండమనడానికి హాస్టల్ స్లాబు కింద పడుకునే నాకేం హక్కు? కానీ గడ్డి పోతే వాలు కూడా పోవాలని ఎక్కడుంది? 5 మీటర్లు, 5 మీటర్ల ఇంటికి నాలుగు వైపులా 30 డిగ్రీల పెంకు కప్పు వేస్తే మధ్యలో 1.44 మీటర్ల ఎత్తు దొరుకుతుంది. చోళ్ళు, విత్తనాలు, ఉల్లి, అన్నీ దాచే అటక అక్కడే. కింద పొయ్యి పొగ తగిలి పురుగు పట్టదు. స్లాబు ఇంట్లో ఆ విత్తనాలు ఎక్కడ పెడతారో ప్లాను గీసినవాళ్ళు అడగలేదు, మనం చెప్పలేదు. గాలి సంగతీ ఉంది. 2014 హుద్‌హుద్‌లో మా ఊళ్ళో రెండు వాలుల రేకుల షెడ్లు ఎగిరాయి. నాలుగు వైపులా వాలుంటే గాలికి నిటారుగా ఎదురు నిలిచే త్రికోణం గోడ ఉండదు, ఒత్తిడి తక్కువ.

చెంచుల గుండ్రటి గుడిసె ఇంకో పరీక్ష. వృత్తం గీసి వాలు ఇస్తే శంకువు వచ్చేస్తుంది, కానీ గడ్డి అంత తిన్నగా ఉండదు. కాస్త ఉబ్బు ఉంటుంది. స్కెచప్‌లో సగం ఆకారం గీసి 'ఫాలో మీ' తో తిప్పడమే మంచిది. రివిట్ విద్యార్థులకి ఉచితమే, ఏటా రెన్యూ చేసుకోవాలి. లాప్‌టాప్‌లో అది ఎక్కకపోతే ఫ్రీక్యాడ్ ఉంది, పైసా ఖర్చు లేదు.

మా మామ్మ ఇల్లు ఈ వేసవిలో విప్పేస్తారు, కొత్తది అక్కడే కడతారు. ఐదు మీటర్ల పెంకు కప్పు డ్రాయింగ్ గీస్తున్నాను, పునాది పడేలోపు ఇంజినీరు గారికి ఇవ్వాలి. సివిల్ చేసే అన్నలెవరైనా దూలం సైజులు చూసిపెడితే మేలు. మీరు సంక్రాంతికి ఊరెళ్తారు కదా, టేపు పట్టుకెళ్ళండి. గోడ ఎత్తు, నిట్రాడు ఎత్తు, చూరు ఎత్తు, వసారా వెడల్పు కొలిచి ఇక్కడ పెట్టండి. ఉట్నూరు, భద్రాచలం, సీతంపేట వైపు వాళ్ళవి నాకు అస్సలు తెలీవు.