ఉద్యోగం గ్యారంటీనా, అప్పు గ్యారంటీనా?

పదో తరగతి రిజల్టు వచ్చిన వారం లోపలే వాడల్లోకి కరపత్రాలు దిగుతయి. మీద కారు బొమ్మ, పక్కన నీలం కోటు తొడిగిన పిల్లగాడు, కింద పెద్దక్షరాల్లో 'నూటికి నూరు శాతం ఉద్యోగ గ్యారంటీ'. ఆటోమొబైల్ టెక్నీషియన్ కోర్సు, ఏడాది చదువు, లక్షన్నర ఫీజు. కరపత్రం పట్టుకొచ్చినవాడు చాలాసార్లు మనవాడే. ఒక్కో అడ్మిషన్‌కు వాడికెంత ముడుతుందో మాత్రం ఆ కాగితం మీద ఉండదు.

అన్నలారా, అక్కలారా! మన పిల్లలు మెకానిక్కులు కావొద్దని ఎవరూ అనడం లేదు. కావాలె. ఇంజను విప్పి బిగించగలిగినవాడికి జీతముండే పాలేరు బతుకు అక్కర్లేదు. కానీ ఆ పని నేర్వడానికి మళ్ళీ ఆ పటేలు దగ్గరే నోటు రాసిస్తే పాలేరుతనం ఎక్కడ పోయినట్టు? పొలం నుంచి సర్వీస్ సెంటర్‌కు మారిందంతే!

ఒకసారి లెక్క చేద్దాం. మనం లెక్కకు భయపడ్తమనే ధైర్యంతోనే మిత్తి వ్యాపారం నడుస్తున్నది. లక్షన్నర నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చారనుకోండి. నెలకు 3,000. కోర్సు నడిచే పన్నెండు నెలలు పిల్లగాడి సంపాదన లేదు, మిత్తి కట్టలేరు. ఏడాదికి 36,000 కలిపి నోటు తిరగరాస్తారు. అంటే సర్టిఫికెట్ చేతికొచ్చిన రోజుకు బాకీ 1,86,000. హైదరాబాదులో 12,000 జీతమొచ్చిందనుకుందాం. రూము, తిండి, బస్సు కలిసి 7,000 అయితే మిగిలేది 5,000. ఆ 5,000 ఒక్క నెల కూడా తప్పకుండా, జ్వరమొచ్చినా, చెల్లె పెళ్ళొచ్చినా ఆగకుండా కడితే బాకీ తీరేసరికి దగ్గర దగ్గర ఆరేళ్ళు. లక్షన్నరకు కట్టింది మూడు లక్షల నలభై వేల పైమాట. అదే మూడు రూపాయల మిత్తి అయితే? ఏడాది తిరిగేసరికి బాకీ 2,04,000, దాని మీద నెల మిత్తి 6,120. మిగిలే 5,000 మిత్తికే చాలదు. అసలు సంగతి అడగనే అక్కర్లేదు. వాడు బతికినన్నాళ్ళు బోల్టులు బిగించినా ఆ నోటు చిరగదు.

ఇక ఆ 'ఉద్యోగం' అనే మాట సంగతి. చాలాచోట్ల అది ఉద్యోగం కాదు, అప్రెంటిస్. 1961 అప్రెంటిస్‌ల చట్టం సాఫీగానే చెప్పింది: అప్రెంటిస్ అంటే శిక్షణ పొందేవాడు, కార్మికుడు కాదు. గడువు ముగిశాక వాడిని కొలువులో పెట్టుకోవాలనే బాధ్యత కూడా యజమానికి చట్టం పెట్టలేదు. 2019లో సవరించిన నిబంధనల ప్రకారం ఐ.టి.ఐ. సర్టిఫికెట్ ఉన్న అప్రెంటిస్‌కు కనీస స్టైపెండు నెలకు 7,000. మరి కరపత్రంలో గ్యారంటీ దేనికిచ్చారు? అదే చట్టంలో అప్రెంటిస్ సీట్లలో ఎస్సీ, ఎస్టీలకు రిజర్వేషన్ అని 3ఎ సెక్షన్ ఉంది, 1973లో చేర్చింది. ఏ షోరూం గోడ మీదైనా ఆ సెక్షన్ రాసిపెట్టి ఉండగా చూసినవాళ్ళున్నరా?

సర్కారు ఐ.టి.ఐ. ఉంది కదా అంటే, ఉంది. మోటార్ వెహికిల్ మెకానిక్ రెండేళ్ళు, డీజిల్ మెకానిక్ ఏడాది. ఫీజు నామమాత్రం, మనకు సీట్లలో రిజర్వేషన్, పైన స్కాలర్‌షిప్. కేంద్ర పోస్ట్ మెట్రిక్ పథకంలో తల్లిదండ్రుల ఆదాయం 2.5 లక్షల లోపు ఉండాలె. గుర్తింపు లేని కోర్సుకు ఆ స్కాలర్‌షిప్ రాదు. ఈ ఒక్క ప్రశ్న అడిగితే చాలు, సగం ఇన్‌స్టిట్యూట్ల బండారం బయటపడ్తది.

అట్లని ఐ.టి.ఐ. ఉచితం అనుకోవద్దు. రెండేళ్ళు పిల్లగాడి కూలి పోతది. నెలకు ఇరవై రోజులు, రోజుకు 500 అనుకుంటే రెండేళ్ళకు రెండు లక్షల నలభై వేలు. కాపుదనం ఉన్న ఇంట్లో ఇది లెక్కలోకే రాదు. మన ఇంట్లో తండ్రి మంచాన పడితే ఇదే మొదటి లెక్క. అటువంటి ఇంటికి ఏడాది డీజిల్ ట్రేడే మేలు. కానీ పోయిన కూలికి మిత్తి పడదు, ఇంటి మీదికి ఎవడూ రాడు. తేడా అక్కడుంది.

ప్రైవేటు ఐ.టి.ఐ.లో రీయింబర్స్‌మెంట్ ఉంది కదా అంటే, ఆ సొమ్ము సర్కారు ఎప్పుడిస్తదో అడగాలె. బకాయిల కోసం 2025లో తెలంగాణ ప్రైవేటు కాలేజీలే బంద్ పెట్టినయి. బకాయి సర్కారుది, సర్టిఫికెట్ ఆపేది మాత్రం మన పిల్లలది!

సర్కారు వారికీ ఒక మాట. 2024లో టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐ.టి.ఐ.లను మారుస్తమని తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టింది. మంచిదే. కొత్త మిషన్లు వచ్చినయి సరే, నేర్పే ఇన్‌స్ట్రక్టర్ ఏడీ? 2020 ఏప్రిల్ నుంచి బి.ఎస్. 6 బండ్లే అమ్ముతున్నరు. జబ్బు కనిపెట్టాలంటే చెవి చాలదు, స్కానర్ కావాలె. బ్యాటరీ బండ్లు రోడ్డెక్కినయి, వాటికి ఇంజన్ ఆయిలే లేదు. పాత ఇంజను ముక్క చూపించి పాసు చేస్తే ఆ పిల్లగాడు షెడ్డులో బండ్లు కడగడానికే మిగుల్తడు.

ఐనా ఆ సర్టిఫికెట్ విలువ చిన్నది కాదు. తెలంగాణ ఆర్టీసీలో 2025లో 743 శ్రామిక్ పోస్టులకు నోటిఫికేషన్ వేశారు. స్కేలు 16,550 నుంచి 45,030. అడిగిన చదువు ఐ.టి.ఐ. లక్షన్నర పోసి కొన్న రంగు కాగితం ఆ దరఖాస్తు ఫారంలో ఎక్కడా పట్టదు.

అప్పు తప్పదనుకుంటే ముందు బ్యాంకుకు పోండి. 2024లో మార్చిన స్కిల్ లోన్ పథకంలో 7.5 లక్షల దాకా ఇవ్వొచ్చు. మేనేజరు తిప్పుతడు, తెలుసు. ఒక్కరే పోతే తిప్పుతడు, పదిమంది కలిసి దరఖాస్తు ఇచ్చి రసీదు అడగండి. 'కోర్సుకు గుర్తింపు లేదు' అని ఆయన అన్నడంటే, మీరు లక్షన్నర పోగొట్టుకోకుండా ఆపినట్టే.

ఫీజు కట్టేముందు ఇన్‌స్టిట్యూట్ వాళ్ళను పోయినేడు పాసైన ఐదుగురి పేర్లు, పనిచేసే చోటు అడగండి. పోయి కలవండి, జీతం చీటీ చూపించమనండి. మధ్యలో మానేస్తే డబ్బు తిరిగిస్తరా అన్నది నోటిమాటగా వద్దు, కాగితం మీద రాయించుకోండి. అడ్మిషన్ల టైంకు తహసీల్దారు ఆఫీసు ముందు లైన్లో నిలబడితే గడువు దాటిపోతది. పిల్లగాడి మెమో కోసం చూడకుండా కులం సర్టిఫికెట్‌కూ ఆదాయం సర్టిఫికెట్‌కూ ఏప్రిల్‌లోనే దరఖాస్తు పెట్టండి. వాడ సంఘంలో చదువుకున్నవాళ్ళు ఆదివారం పూట ఒక టేబులు వేసుకొని కూర్చోండి. ఎవరింటికి కరపత్రం వచ్చినా, నోటు మీద వేలిముద్ర పడకముందే దాన్ని ఆ టేబులు మీదికి రప్పించండి.