రాతిని చదివే విద్య

పరీక్షా ఫలితాలు వెలువడిన పిమ్మట మన ఇండ్లలో జరిగే ఆలోచనలు అందరికీ తెలిసినవే. ఇంజనీరింగా, నర్సింగా, బ్యాంకు పరీక్షలా అని పెద్దలు లెక్కలు వేస్తారు. ఆ సమయాన పిల్లవాడు గాని, పిల్ల గాని “నేను పురావస్తుశాస్త్రం చదువుతాను” అంటే ఇల్లంతా మౌనం వహిస్తుంది. “కుండపెంకులు ఏరితే కూడు దొరుకుతుందా?” అని తాతగారు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. జవాబు విచారించి చెప్పడం మన వంతు గనుక ఈ నెల ఆ సంగతి వ్రాయదలచినాము.

మొదట మన చుట్టుపక్కల చూతము. ధర్మపురికి పాత పేరు తగడూరు. 9, 10 శతాబ్దులలో ఈ సీమను ఏలిన నొళంబుల రాజధాని హేమావతి నేడు ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నది. 2004 వరకు మన జిల్లాలో భాగమైన కృష్ణగిరి ప్రాంతంలో మయిలాడుంపారై అనే చోట దొరికిన ఇనుము క్రీ.పూ. 2172 నాటిదని 2022 మే నెలలో తమిళనాడు ప్రభుత్వం ప్రకటించింది. మనకు దక్షిణాన ఉన్న ఏర్కాడులో విశ్రాంత జీవితం గడిపిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ దొర భూగర్భ పరిశోధన శాఖలో ఉద్యోగి. 1863లో మద్రాసు దగ్గర పల్లావరంలో ఆయనకు దొరికిన రాతి పనిముట్టుతోనే ఈ దేశంలో ఆదిమానవుని చరిత్రకు ఆరంభం. ఆయన ఆ పనంతా జీతానికి చేసే కొలువు ప్రక్కనే సాగించినాడు. కచేరీ ఉద్యోగం చేసే మాబోటివారికి ఈ మాట ధైర్యమిస్తుంది.

ఇక చదువు సంగతి. బి.ఏ.లో చరిత్ర తీసుకొని, తరువాత ఎం.ఏ.లో పురావస్తుశాస్త్రం చేరడం సాధారణమైన దారి. మద్రాసు విశ్వవిద్యాలయంలో ప్రాచీన చరిత్ర, పురావస్తు శాఖ ఉన్నది. తంజావూరు తమిళ విశ్వవిద్యాలయంలో శాసనాల చదువు ఉన్నది. తెలుగు నేలకు పోదలచినవారికి తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం దగ్గర. పూనాలోని దక్కన్ కళాశాల ఈ విద్యకు దేశమంతటా పేరుగాంచినది. రసాయనం, భూగర్భశాస్త్రం చదివినవారికి కూడా ఇందులో పని ఉన్నది. ఇనుము వయస్సు తేల్చేది ప్రయోగశాలయే గదా.

ఎం.ఏ. అయిన తరువాత కేంద్ర పురావస్తు శాఖవారు గ్రేటర్ నోయిడాలోని తమ విద్యాలయంలో రెండేండ్ల డిప్లొమా నేర్పుతారు. భృతి ఇస్తారు. 2020లో దానికి ప్రకటన వెలువడినప్పుడు అర్హతగల ప్రాచీన భాషలలో తమిళం గాని, తెలుగు గాని లేవు. తమిళనాట నిరసన లేచింది. పిమ్మట తమిళంతోపాటు తెలుగు, కన్నడం, మలయాళం, ఒడియా చేర్చినారు. అనగా తెలుగు ఎం.ఏ. చదివినవారికి కూడా ఆ తలుపు తెరచుకున్నది. ఎందరికి తెలుసునో గాని, మన కుటుంబాలు తప్పక తెలుసుకోదగిన వార్త.

ఇక్కడే మా అసలు మనవి. తెలుగు, కన్నడ లిపులు ఒకే పాత లిపి నుండి విడివడినవి. ఇంట తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం వినే మన పిల్లలకు శాసనవిద్యలో సగం పెట్టుబడి పుట్టుకతోనే చేతిలో ఉన్నది. కాని 2006 నాటి చట్టం మొదలు బడులలో తమిళం ఒక్కొక్క తరగతిగా తప్పనిసరి అయింది. తమిళం నేర్వడం మేలే. ఈ జిల్లా వీరగల్లులు చదవాలంటే అదే ఆధారం. అయితే తెలుగు గలగల మాట్లాడుతూ, తెలుగు అక్షరం ఎదురైతే తెల్లమొగం వేసే పిల్లలు ఇంటింటా పెరుగుతున్నారు. ఆ అక్షరం పోతే పెట్టుబడి పోయినట్లే. రోజుకు అరగంట అవ్వగారో, తాతగారో ఈ పత్రికనే ముందు పెట్టుకొని చదివించవచ్చును. ఖర్చు లేదు.

డబ్బు విషయం దాచరాదు. ఉద్యోగాలు కొద్ది, పోటీ ఎక్కువ. అయినా దారులు ఉన్నవి. యు.జి.సి. నెట్ పరీక్షలో పురావస్తుశాస్త్రం ఒక ప్రత్యేక విషయం. అందులో పై వరుసలో నిలిచినవారికి పరిశోధన భృతి లభిస్తుంది. 1972లో స్థాపించిన భారత చరిత్ర పరిశోధన మండలి కూడా పరిశోధకులకు సహాయం చేస్తుంది. నియమాలు మారుతుంటాయి గనుక ఏటేటా ప్రకటన చూచిన పిమ్మటే దరఖాస్తు పెట్టవలెను. చరిత్ర ఉపాధ్యాయ వృత్తికో, ప్రభుత్వ పరీక్షలకో పక్కదారి ఒకటి ఉంచుకోవడం వివేకం.

ఆడపిల్లను తవ్వకాల శిబిరానికి పంపడానికి తల్లులు జంకుతారు. “ఎండలో మన్ను తవ్వడానికా దీన్ని చదివించింది?” అనేవారూ ఉన్నారు. బస ఎక్కడ, తోడు ఎవరు, ఆచార్యులు ఎవరు అని విచారించండి. వీలైతే ఒకసారి వెళ్లి చూచి రండి. సందేహం తీరిన తరువాత గట్టి బూట్లు, టోపీ, నీళ్ల సీసా, కొలతటేపు, మంచి అట్టగల నోటుపుస్తకం కొనియిచ్చి పంపండి. దొరికినది దొరికిన చోటే కొలిచి వ్రాసుకోవడం ఈ విద్యలో మొదటి పాఠం.

చదువు మొదలుపెట్టకముందే పిల్లలను ఒక ఆదివారం ధర్మపురిలోని రాష్ట్ర పురావస్తు శాఖవారి ప్రదర్శనశాలకు తీసుకుపోవచ్చును. అక్కడ వీరగల్లులు ఉన్నవి. మన పొలాల గట్లమీద వేడియప్పన్ అని పూజలందుకునేవి కూడా అనేకం ఇటువంటి రాళ్లే. పూజ చేయండి, రంగు, సున్నం మాత్రం పూయవద్దు, అక్షరాలు పూడిపోతాయి. నాగలికి పాతనాణెములు, నగలు తగిలితే దాచరాదు. 1878 నాటి చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన దొరుకుబడిని కలెక్టరుకు తెలుపవలెను. పిల్లలు చూచి నేర్చుకొనేది పెద్దల నడవడినే.

ఈ చదువు కోరే పిల్లలు ఉన్న ఇండ్లవారు పత్రికకు ఒక జాబు వ్రాయండి. ఏ తరగతి, ఏ లిపులు వచ్చును అన్నది తెలిపితే చాలును. ఇదే దారిన పోదలచిన పిల్లలను ఒకరికొకరిని పరిచయం చేసే పని సంఘం చేయగలదు.