ఎండ అందరి సొత్తు

నౌపడ ఉప్పుకు పెట్టుబడి ఏమిటి? సముద్రపు నీరు, ఎండ, గాలి, ఆపైన కూలీల రెక్కల కష్టం. మడిలో నిలిపిన ఉప్పునీటిని ఎండ ఆవిరి చేస్తుంది. అడుగున మిగిలిన తెల్లని గింజలే మన కూరకు రుచి. ఇందులో బొగ్గు లేదు, పొగ లేదు. దేవుడు ఉచితంగా ఇచ్చిన శక్తితో బతకడం ఈ తీరానికి కొత్త విద్య కాదు.

అదే సంతబొమ్మాళి మండలంలోని కాకరాపల్లి తంపర భూముల్లో 2,640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం తలపెట్టారు. చేపలు పట్టుకునేవారు, రైతులు వద్దన్నారు. చేరువలోని తేలినీలాపురానికి ఏటా వచ్చే పక్షులకూ ఆ చిత్తడి నేలలే మేత. 2011 ఫిబ్రవరి 28న పోలీసు కాల్పుల్లో అక్కడ ప్రాణాలు పోయాయి. అంతకు ముందు 2010 జూలై 14న సోంపేట బీల భూముల కోసమూ ఇలాగే నెత్తురు చిందింది.

ఇలాంటి భూముల విషయంలో ఇస్లాం ఏమంటుంది? నీరు, పచ్చిక, నిప్పు - ఈ మూడింటిలో ప్రజలందరూ భాగస్వాములేనని దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించారు. అబూదావూద్, తిర్మిజీ హదీసు గ్రంథాల్లో ఒక సంఘటన ఉంది. యెమన్‌లోని మారిబ్ ఉప్పు గనిని అబ్యద్ బిన్ హమ్మాల్ (రజి) కోరగా ప్రవక్త (స) ఆయనకు ఇచ్చారు. అది ఎన్నటికీ తరగని ఊటనీరు లాంటిదని అక్కడున్న ఒకరు చెప్పగానే తిరిగి తీసేసుకున్నారు. పదిమంది బతుకు ఆధారపడిన దానిని ఒకరి పరం చేయరాదన్నది ఇందులోని నీతి. రేపు సౌర విద్యుత్తు పేరుతో ఉమ్మడి భూములు అడిగినా ఇదే తూకం వర్తించాలి.

అయితే మరో మాటా మనం ఆలోచించాలి. మన ఊళ్లో పొగగొట్టం వద్దంటాం. మన ఇంట్లో తిరిగే ఫ్యాను మాత్రం ఎక్కడో మరొక ఊరి పొగతో తిరిగితే ఫరవాలేదా? తనకు కోరుకున్నదే సోదరుని కోసమూ కోరుకోమన్న బోధన మరి ఎవరికి?

అర్రహ్మాన్ సూరాలో సూర్యచంద్రుల గమనాన్ని, ఆ తరువాత త్రాసును ప్రస్తావించి, తూకంలో హద్దు మీరవద్దని అల్లాహ్ హెచ్చరించాడు. పారే నది ఒడ్డున వుజూ చేస్తున్నా నీరు దుబారా చేయరాదన్నది ప్రవక్త (స) శిక్షణ. కరెంటుకూ ఆ సూత్రమే. పాత ఫ్యాను సుమారు 75 వాట్లు తాగితే, కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యానుకు 30 వాట్లు చాలు. ఒక కిలోవాటు సౌర పలక రోజుకు నాలుగు యూనిట్ల దాకా ఇస్తుంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో ఇళ్లకు 78,000 రూపాయల వరకు సబ్సిడీ ప్రకటించారు.

రోజుకూలీ చేసుకునే కుటుంబానికి మిగతా సొమ్ము కూడా భారమే. అందుకే ఆరంభం మసీదు నుంచి జరగాలి. జుహర్, అస్ర్, జుమా నమాజులు ఎండ వేళలోనే కదా! మసీదు కప్పు మీద నాలుగు పలకలు పెట్టించడానికి ఇచ్చిన సొమ్ము, దాత మరణించాక కూడా పుణ్యం తెచ్చే సదఖా జారియా కాగలదు. పండుగ రాత్రుల దీపాల ఖర్చులో కొంత మిగిల్చినా ఆ నిధికి పునాది పడుతుంది.

ఈ జుమా నమాజు తరువాత మన మసీదు కమిటీల ముందు ఈ మాట పెడదాం. ఆ లోగా ఎవరూ లేని గదిలో తిరిగే ఫ్యానును ఆపడానికి ఏ సబ్సిడీ అక్కరలేదు.