ఓడెక్కే అమ్మానాన్నల చేతిలో ఉత్త కాగితం పెట్టకండి

షుగర్, బీపీ ఉన్న డెబ్బై ఏళ్ల మనిషికి ‘ఆరోగ్య సమస్యలేమీ లేవు’ అని రాసి బీమా అంటగట్టడం మోసం. ఆ మాట ఏజెంటు రాసినా మోసమే, నాలుగు డబ్బులు మిగులుతాయని కొడుకో కూతురో టిక్కు పెట్టినా మోసమే. మన ఇళ్లలో ప్రతి వేసవిలోనూ జరుగుతున్నది ఇదే. పిల్లల్ని చూడటానికి అమ్మానాన్నలు అమెరికా వెళ్తారు. వాళ్లను సంతోషపెట్టాలని పిల్లలు అలాస్కాకో బహామాస్‌కో క్రూయిజ్ బుక్ చేస్తారు. గదికి బాల్కనీ ఉందా, భోజనంలో పప్పు, పెరుగు దొరుకుతాయా అని వారం రోజులు వాకబు చేస్తారు. బీమా దగ్గరికి వచ్చేసరికి మాత్రం, అర్ధరాత్రి నిద్రమత్తులో, పట్టికలో అన్నిటికంటే చౌకగా కనబడినదాని మీద నొక్కేస్తారు. నా కోపమంతా ఆ నొక్కుడు మీదే, దాన్ని అంత తేలిక చేసిపెట్టిన అమ్మకందార్ల మీదే.

నడిసముద్రంలో జబ్బు చేస్తే ఏమవుతుందో వీళ్లలో ఎవరూ ఆ పెద్దలకు చెప్పరు. ఓడలో ఉండేది ఆసుపత్రి కాదు, వైద్య కేంద్రం. ఒకరిద్దరు డాక్టర్లు, నర్సులు, కొద్దిపాటి పడకలు, ఈసీజీ, కొన్ని రక్తపరీక్షలు ఉంటాయి. గుండెపోటు వస్తే రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇస్తారు. స్టెంటు వేసే క్యాథ్‌ల్యాబ్ ఉండదు. అక్కడి డాక్టరు చెయ్యగలిగిందల్లా మనిషిని నిలబెట్టి ఒడ్డుకు పంపడం. ఆ బిల్లు గది ఖాతాలో పడి, మీరిచ్చిన కార్డు నుంచి పోతుంది. తర్వాత రసీదులు పట్టుకొని బీమా కంపెనీ చుట్టూ తిరగాల్సింది మీరే. అసలు ఖర్చు ఒడ్డు చేరాక మొదలవుతుంది. ఓడ ఆగే చిన్న దీవిలో గుండె ఆపరేషన్ చేసే చోటు లేకపోతే, ఎయిర్ అంబులెన్సులో పెద్ద ఊరికి తరలించాలి. దానికి లక్ష డాలర్లు దాటవచ్చు. జీవితమంతా గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉద్యోగం చేసి కూడబెట్టిన ప్రావిడెంట్ ఫండ్ ఒక్క విమానానికి చాలదు.

విదేశాలకు పోయేవాళ్ల గొడవ మనకెందుకనుకునేవాళ్లకూ ఒక మాట. విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నైలకు కార్డీలియా క్రూయిజ్ ఓడ నడిచింది. ఇలాంటి ఓడ ఎక్కేవాళ్ల ధీమా ఒక్కటే, ఇంట్లో అందరికీ కలిపి తీసుకున్న ఫ్యామిలీ ఫ్లోటర్ ఆరోగ్య పాలసీ ఉందిలే అని. ఆ పాలసీ తీసి, ఆసుపత్రి అని దేన్ని ఒప్పుకుంటుందో చదవండి. నమోదు పత్రం లేని చోటైతే, పది లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్లో కనీసం 10 పడకలు, మిగతా చోట్ల 15 ఉండాలి. రాత్రింబవళ్లు నర్సులు, డాక్టరు, పూర్తి సదుపాయాలున్న ఆపరేషన్ థియేటర్ ఉండాలి. ఓడలోని వైద్య కేంద్రం దీంట్లో ఎక్కడ ఇముడుతుంది? ఆ సంగతి పాలసీ అమ్మినవాడికి తెలుసు. కొన్నవాడికే తెలియదు.

అమెరికాలో అమ్మే విజిటర్ ఇన్సూరెన్సుల సంగతి ఇంకా ఘోరం. అన్నిటికంటే చౌకగా కనిపించేవి చాలావరకు ఫిక్స్‌డ్ బెనిఫిట్ పాలసీలు. డాక్టర్ని చూస్తే ఇంత, ఆసుపత్రిలో రోజుకు ఇంత అని ముందే గీసిన గీత ఉంటుంది. అమెరికా ఆసుపత్రి బిల్లులో అది ఏ మూలకూ రాదు. కొన్ని పాలసీలు అమెరికా గడ్డ మీదే పనిచేస్తాయి. మయామీలో ఓడెక్కి బహామాస్‌లోని నసావు చేరేసరికి ఆ కాగితానికి విలువ పోతుంది. గ్రీన్‌కార్డు వచ్చి, అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్‌లో చేరిన పెద్దలకూ ఇదే చిక్కు. ఓడ అమెరికా రేవులో ఉన్నప్పుడో, రేవుకు ఆరు గంటల ప్రయాణ దూరం లోపల ఉన్నప్పుడో తప్ప ఓడ డాక్టరు బిల్లుకు మెడికేర్ సాధారణంగా పైసా ఇవ్వదు. ఇక పాత జబ్బుల మాట. ‘హఠాత్తుగా తిరగబెడితే ఇస్తాం’ అని పెద్దక్షరాల్లో ఊరిస్తారు. ఏ వయసు వరకు, ఎంత మొత్తం వరకు, ఎన్ని గంటల్లోపు డాక్టరు దగ్గరికి వెళ్తే అన్నది లోపలి పేజీల్లో దాస్తారు. చాలా పాలసీల్లో ఆ వెసులుబాటు డెబ్బై దాటితే ఆగిపోతుంది, లేదా బాగా తగ్గిపోతుంది. మన అమ్మానాన్నలు అమెరికా వెళ్లే వయసు సరిగ్గా అదే!

“ఏదైనా అయితే ఓడ కంపెనీ చూసుకుంటుందండీ” అనే మాట ఎంతమంది నోట విన్నానో. చూసుకోదు. వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన దంపతుల్లో భార్య మెక్సికో తీరంలో కార్నివాల్ కంపెనీ ఓడ మీద జారిపడి గాయపడింది. దావా వెయ్యబోతే, ఫ్లోరిడాకు వచ్చి వెయ్యాలని టికెట్టు మీద ముందే అచ్చయి ఉంది. 1991లో అమెరికా సుప్రీంకోర్టు ఆ షరతు చెల్లుతుందని తేల్చింది. ఆ దేశస్తులకే ఖండం ఆ కొస నుంచి ఈ కొసకు పరుగు తప్పలేదు, తెనాలి నుంచి వెళ్లిన మనిషి ఏ కోర్టు గుమ్మం ఎక్కుతాడు? ఓడ కంపెనీలు టికెట్టుతోపాటు అమ్మే సొంత రక్షణ పథకాల్లో వైద్యానికి పరిమితి పది వేలు, పాతిక వేల డాలర్ల దగ్గరే ఆగిపోవడం మామూలు. మీ కారణంతో ప్రయాణం మానుకుంటే చాలాసార్లు డబ్బుకు బదులు మరో ప్రయాణానికి పనికొచ్చే క్రెడిట్ చేతిలో పెడతారు. వైద్యానికి లక్ష డాలర్లు, ఓడ నుంచి తరలింపుకు అంతకు రెండు రెట్లు లేని పాలసీని నేనైతే ముట్టుకోను.

సియాటిల్ నుంచి అలాస్కా వెళ్లేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. 1886 నాటి అమెరికా చట్టం ప్రకారం విదేశీ జెండా ఉన్న ఓడ ఇలాంటి ప్రయాణంలో ఒక విదేశీ రేవును తాకాల్సిందే. అందుకే చాలా ఓడలు కెనడాలోని విక్టోరియాలో ఆగుతాయి. గ్రీన్‌కార్డు లేకుండా భారత పాస్‌పోర్టుతో వెళ్లేవాళ్లను కెనడా వీసా లేకపోతే ఓడ ఎక్కనివ్వరు. టికెట్టు డబ్బులు పోయినట్టే, మామూలు బీమా ఏదీ దాన్ని తిరిగివ్వదు.

జబ్బు దాచమనే ఏజెంట్ల దగ్గరికి మళ్లీ వస్తాను. నా కడుపు మండేది అక్కడే. షుగర్, కిడ్నీ జబ్బు చెప్పకుండా మెడిక్లెయిమ్ తీసుకున్న ఒక కేసులో 2009లో మన సుప్రీంకోర్టు బీమా కంపెనీ పక్షానే తీర్పిచ్చింది. అదే 2009లో మరొకాయన తనకు షుగర్ ఉందని చెప్పి, వైద్య పరీక్ష చేయించుకొని, విదేశీ ప్రయాణ పాలసీ తీసుకున్నాడు. శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయంలో దిగగానే ఒంట్లో బాగాలేకపోయింది. గుండెపోటు, మూడు స్టెంట్లు. కొలెస్ట్రాల్ మాత్రల సంగతి చెప్పలేదని కంపెనీ చెయ్యి దులుపుకుంది. 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆయన్నే గెలిపించింది. జబ్బు సంగతి తెలిసి, బేరీజు వేసుకొని పాలసీ ఇచ్చాక అదే జబ్బును చూపి ఎగ్గొట్టకూడదని చెప్పింది. నిజం చెప్పిన మనిషి పన్నెండేళ్లు పోరాడాల్సి రావడం ఈ వ్యవస్థకు సిగ్గుచేటు. కానీ ఆయన చేతిలో నిజం ఉంది కాబట్టే పోరాడగలిగాడు. ‘షుగరని రాస్తే ప్రీమియం పెరుగుద్ది సార్, వదిలెయ్యండి’ అనే ఏజెంటు, ఆ ఒక్కమాటతో మీ నాన్న చేతిలోంచి ఆ ఆయుధాన్ని లాగేసుకుంటున్నాడు. కమీషన్ అప్పటికే వాడి ఖాతాలో పడిపోయి ఉంటుంది.

బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ హైదరాబాద్‌లోనే, నానక్‌రామ్‌గూడలో ఉంది. ఆరోగ్య పాలసీల ముఖ్యాంశాల పత్రాన్ని సులువైన మాటల్లో, కోరితే స్థానిక భాషలో ఇవ్వాలని 2024 జనవరి 1 నుంచి నిబంధన తెచ్చింది కూడా. మంచిదే. అయితే కోరితే అనడమెందుకు? తెలుగు రాష్ట్రాల్లో అమ్మే ప్రతి ప్రయాణ పాలసీతోనూ తెలుగు పత్రం ఇచ్చి తీరాలి. ఓడలో వైద్యానికి డబ్బిస్తారా, ఓడ నుంచి తరలింపుకు ఎంత, పాత జబ్బుకు ఎంత? ఈ మూడూ మొదటి పేజీలోనే ఉండాలి. కొనేవాడి బదులు తానే ఆరోగ్య ప్రశ్నలకు ‘లేదు’ అని నింపిన ఏజెంటు లైసెన్సు రద్దు చెయ్యాలి. ఇంతకంటే తక్కువకు ఒప్పుకోకూడదు.

అప్పటిదాకా ఆ మూడు ప్రశ్నలూ మీరే ఈమెయిల్‌లో అడగండి. ఫోనులో ఇచ్చే భరోసాను ఖాతరు చెయ్యకండి. జవాబు రాతలో ఇవ్వని కంపెనీకి డబ్బు కట్టకండి. ఫారం నింపేటప్పుడు అమ్మను పక్కన కూర్చోబెట్టుకొని, వేసుకునే ప్రతి మాత్ర పేరూ రాయండి. ఇక్కడ కొన్న పాలసీ మీద క్లెయిమ్ తోసిపుచ్చితే ముందు కంపెనీకి లిఖితంగా ఫిర్యాదు ఇవ్వండి. దానికి 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది అన్యాయమనిపించినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లండి. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ కార్యాలయమే. ఏడాదిలోపు వెళ్లాలి. 50 లక్షల రూపాయల దాకా ఇప్పించే అధికారం ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. పాలసీ, తిరస్కరణ లేఖ, ఓడ డాక్టరు ఇచ్చిన బిల్లులు, మీరు నిజం రాసి సంతకం పెట్టిన ఆ ఫారం నకలు పట్టుకెళ్లండి.